విమానాల కాక్‌పిట్ డిస్ప్లే మార్కెట్: ఒక చిన్న తయారీ సంస్థకు దారి ఎటు?

మీ ప్రశ్న సారాంశం ఇది: హైదరాబాదులో పారిశ్రామిక యంత్రాలకు టచ్‌ప్యానెళ్లు, ఎంబెడెడ్ బోర్డులు తయారుచేసే నలభై మంది సంస్థ మీది. కాక్‌పిట్ డిస్ప్లేల మార్కెట్ ఏటా పెరుగుతుందని చెప్పే ఒక నివేదిక చూశారు. ఎండలోనూ స్పష్టంగా కనిపించే పది అంగుళాల తెర మీ దగ్గర సిద్ధంగా ఉంది. దాన్ని విమాన తయారీదారులకు అమ్మగలరా, ఎంత కాలం పడుతుంది, ముందుగా ఎవరిని కలవాలి అని అడిగారు. నేను మొదట ఈ డిస్ప్లేల హార్డ్‌వేర్ డిజైన్‌లోనూ, తరువాత చాలాకాలం వాటి సర్టిఫికేషన్‌లోనూ పనిచేసినవాడిని. కనుక మీ తెర బాగుందా లేదా అన్న సంగతి కాసేపు పక్కన పెట్టి, ఈ మార్కెట్‌లో నిజంగా ఏం అమ్ముడవుతుందో ముందు చెబుతాను.

నివేదికల్లోని అంకెలతో మొదలుపెడదాం. రెండు సంస్థలు అమ్మే రెండు నివేదికలు పక్కపక్కన పెడితే అంకెలు పొంతన లేకుండా ఉంటాయి, ఎందుకంటే లెక్కలోకి ఏం తీసుకున్నారన్నదే వేరుగా ఉంటుంది. ఒకరు కేవలం తెరలనే లెక్కిస్తారు. మరొకరు వాటి వెనుక ఉండే కంప్యూటర్లు, హెడ్‌అప్ డిస్ప్లేలు (పైలట్ కళ్ల ముందున్న గాజు మీదే సమాచారం చూపేవి), పైలట్ సంచిలో ఉండే ట్యాబ్లెట్, యుద్ధ విమానాల హెల్మెట్ డిస్ప్లేల వరకు అన్నీ కలుపుతారు. పైగా ఒక కొత్త విమానానికి తెరలు విడిగా ధర కట్టి అమ్మడం అరుదు. ఏవియానిక్స్, అంటే విమానంలోని ఎలక్ట్రానిక్ వ్యవస్థలు, మొత్తం ఒకే ఒప్పందంలో పోతుంది, అందులో తెర వాటా ఎంతో అమ్మినవాడికి, కొన్నవాడికి తప్ప బయటివారికి తెలియదు. అందుకే నేను రూపాయల అంకెలను వదిలేసి తెరలనే లెక్కపెడతాను. 2024లో ఎయిర్‌బస్ 766 విమానాలు, బోయింగ్ 348 విమానాలు అప్పగించాయి. ఎయిర్‌బస్ ఎ320 కుటుంబంలోనూ ఎ350లోనూ ప్రధాన తెరలు ఆరు, బోయింగ్ 787లో ఐదు, 737 మ్యాక్స్‌లో నాలుగు. అన్నీ కూడితే ఏడాదికి సుమారు ఆరు వేల తెరలు. ప్రపంచంలోని పెద్ద ప్రయాణికుల విమానాలన్నిటికీ కలిపి కొత్తగా కావలసినవి దాదాపు ఇంతే! ఒక మోస్తరు మొబైల్ ఫోన్ల కర్మాగారం ఒక్క రోజులో ఇంతకన్నా ఎక్కువ తెరలు బిగిస్తుంది. చిన్న విమానాలు, బిజినెస్ జెట్లు, టర్బోప్రాప్‌లు కలిపి ఏడాదికి మూడు వేలకు పైగా తయారవుతున్నాయి. హెలికాప్టర్లు, సైనిక విమానాలు వేరు. అన్నిటినీ చేర్చినా ఇది సంఖ్యలో చిన్న మార్కెట్టే, ఒక్కో తెర ధర మాత్రం సాధారణ మానిటర్ ధరతో పోల్చడానికి వీల్లేనంత ఎక్కువ.

ఆ ధర గాజుకు ఇచ్చేది కాదు. పూర్వం ముల్లు తిరిగే గడియారాల వంటి పరికరాలు ఒక్కొక్కటీ ఒక్కో సంగతి చెప్పేవి; ఒకటి చెడిపోతే మిగతావి ఉండేవి. 1980ల మొదట్లో 757, 767, ఎ310 విమానాల్లో సీఆర్‌టీ తెరలు (పాత టీవీల్లోలాంటి పిక్చర్ ట్యూబులు) వచ్చాయి. 1988లో సర్వీసులోకి వచ్చిన ఎ320, ఆ మరుసటి ఏడు వచ్చిన 747-400 ఆరేసి తెరలతో కాక్‌పిట్ రూపాన్నే మార్చేశాయి. 747-400లో దీపాలు, మీటర్లు, స్విచ్చులు అన్నీ కలిపి 971 నుంచి 365కు తగ్గాయన్న లెక్క ఆ రోజుల్లో తరచూ వినిపించేది. 1995లో సర్వీసు మొదలుపెట్టిన 777తో ఎల్‌సీడీలు పెద్ద ప్రయాణికుల విమానాల్లోకి వచ్చాయి. ఇలా సమాచారమంతా కొద్ది తెరల మీదకు చేరడంతో, ఆ కొద్ది తెరల మీద ఆధారపడటం కూడా అంతగా పెరిగింది.

ఇక్కడ మీ రంగానికీ ఈ రంగానికీ ఉన్న ముఖ్యమైన తేడా ఒకటి చెప్పాలి. ఫ్యాక్టరీలో టచ్‌ప్యానెల్ ఆగిపోతే ఆపరేటర్ తిట్టుకుని, కరెంటు తీసి మళ్లీ పెడతాడు. కాక్‌పిట్‌లో తెర నల్లబడితే అది సమస్యే, కానీ పైలట్‌కు వెంటనే తెలుస్తుంది, పక్క తెరకో స్టాండ్‌బై పరికరానికో మారతాడు. అంతకన్నా ప్రమాదకరమైనది, తెర చక్కగా వెలుగుతూ, రెండు సెకన్ల క్రితపు బొమ్మ దగ్గరే బిగుసుకుపోవడం, లేదా విమానం ఎడమకు ఒరిగితే కుడికి ఒరిగినట్టు చూపించడం. ఇద్దరు పైలట్ల ముందూ విమానపు ఒరుగుదల తప్పుగా కనిపించడాన్ని నిబంధనలు విపత్తుగా పరిగణిస్తాయి. అటువంటిది ఎగిరే ప్రతి గంటకు వంద కోట్లలో ఒకటి కన్నా తక్కువ సంభావ్యతతోనే జరగాలి. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్‌కు డీవో-178సీ అనే విమాన సాఫ్ట్‌వేర్ ప్రమాణంలో అన్నిటికన్నా కఠినమైన లెవెల్ ఏ వర్తిస్తుంది. ఆ స్థాయిలో నెరవేర్చవలసిన లక్ష్యాలు 71. కోడ్‌లోని ప్రతి నిర్ణయంలో ఉన్న ప్రతి షరతూ ఆ నిర్ణయాన్ని తానుగా మార్చగలదని పరీక్షలతో చూపాలి. సంక్లిష్టమైన చిప్పులకు డీవో-254, వేడి, చలి, కుదుపు, పిడుగు, రేడియో తరంగాల పరీక్షలకు డీవో-160 ఉన్నాయి. తెర మీదికి వెళ్లిన బొమ్మ, పంపిన బొమ్మే అని తెర తనంతట తాను తిరిగి సరిచూసుకునే ఏర్పాటు కూడా చేయాలి. ఇవన్నీ చేశామని రుజువు చేసే పత్రాలే ఈ మార్కెట్‌లో అసలు సరుకు. ఒక డిస్ప్లే అభివృద్ధి వ్యయంలో కోడ్ రాయడానికి పోయేది చిన్న భాగమని, దాన్ని సరిచూడడానికే పెద్ద భాగం పోతుందని ఈ పని చేసినవారెవరైనా చెబుతారు.

ఇంత చేసినా తప్పులు మిగులుతాయి. 2014లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 737, 777 విమానాల్లోని ఒక రకం తెరలను ఐదేళ్లలోగా మార్చాలని ఆదేశించింది. కేబిన్‌లో వైఫై వ్యవస్థ అమర్చి పరీక్షిస్తున్నప్పుడు ఆ తెరలు క్షణకాలం ఖాళీ అయ్యాయి. దాదాపు 1,300 అమెరికా విమానాలకు ఆ ఆదేశం వర్తించింది. 2019 చివర్లో వచ్చిన మరో ఆదేశం ఇంకా విచిత్రమైనది: 737 ఎన్‌జీ (మ్యాక్స్‌కు ముందు తరం) విమానాల్లో, సరిగ్గా 270 డిగ్రీల దిశలో ఉన్న కొన్ని రన్‌వేలకు దిగే విధానాన్ని ఎంచుకుంటే ఆరు తెరలూ ఒక్కసారిగా ఖాళీ అయిపోయేవి. ప్రపంచం మొత్తం మీద అటువంటి రన్‌వేలు ఏడే. ఈ ఉదాహరణలు మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇరవై ఏళ్లు లక్షల గంటలు ఎగిరిన ఉత్పత్తిలోనూ ఇలాంటివి బయటపడినప్పుడు, దాన్ని సరిదిద్ది, మళ్లీ ధ్రువీకరించి, ప్రపంచంలో ఎక్కడున్న విమానానికైనా చేర్చగల సత్తా తయారీదారుకు ఉందా అని కొనేవాడు ముందే చూస్తాడు. నలభై మంది సంస్థను చూసి బోయింగ్ సంకోచించేది ఇక్కడే.

కొనేవాడు ఎవరన్నది కూడా బయటివారు తరచు పొరబడే విషయం. 2023లో ఎయిరిండియా 470 విమానాలకు, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లిచ్చినప్పుడు, ఈ తెరల కోసం విమానయాన సంస్థలను కలవాలేమోనని చాలామంది అనుకున్నారు. సీట్లు, వంటగది అరలు, వినోద వ్యవస్థ వంటివి విమానయాన సంస్థ ఎంచుకుంటుంది. ఎ320లో ఫ్లైట్ మేనేజ్‌మెంట్ కంప్యూటర్‌కు సైతం ఇద్దరు సరఫరాదారుల్లో ఒకరిని ఎంచుకోవచ్చు. ప్రధాన తెరలు మాత్రం విమానంతో పాటే వస్తాయి. ఎయిర్‌బస్ ఎ320, ఎ350లకు థేల్స్. బోయింగ్ 787కూ, మ్యాక్స్‌కూ, ఎయిర్‌బస్ ఎ220కూ కాలిన్స్. ఎంబ్రేయర్ ఈ-జెట్లకు హనీవెల్. చైనా సీ919కు జీఈ, అవిక్ సంస్థల ఉమ్మడి సంస్థ ఏవియేజ్. ఈ ఎంపిక విమానం కాగితం మీద ఉన్నప్పుడే, ఒక్కసారే జరుగుతుంది. తరువాత ఆ నమూనా ఉత్పత్తిలో ఉన్నంతకాలం, ఆపైన అది ఎగిరినంతకాలం అదే సరఫరాదారు. ఎ320 కాక్‌పిట్ అమరిక 1988లో ఎలా ఉందో నేటి ఎ320 నియోలోనూ స్థూలంగా అలాగే ఉంది; సీఆర్‌టీల స్థానంలో ఎల్‌సీడీలు వచ్చాయి, అంతే. కారణం సాంకేతికత కాదు, శిక్షణ. ఒకే రేటింగ్‌తో, అంటే ఒకే విమాన రకపు అర్హతతో, పైలట్ పాతదీ కొత్తదీ నడపగలిగితే విమానయాన సంస్థకు మిగిలే డబ్బు, ఎంత అందమైన తెర ఇచ్చినా మిగలదు. అమెరికా విమానయాన సంస్థ సౌత్‌వెస్ట్ తన కొత్త తరం 737ల్లో, పాత విమానాల పైలట్లకు తేడా లేకుండా ఉండేందుకు, ఖరీదైన ఎల్‌సీడీల మీద పాతకాలపు గుండ్రటి మీటర్ల బొమ్మలే వేయించుకుని ఏళ్లపాటు నడిపింది. మా రంగంలో కొత్తగా చేరిన పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు ఎవరూ నమ్మేవారు కాదు.

తెర మీద ఏం కనిపించాలన్నది వ్యాపార నిర్ణయంగా మారితే ఎంత దూరం పోతుందో కూడా గత దశాబ్దంలో చూశాం. 737 మ్యాక్స్‌లో రెండు ఏఓఏ సెన్సర్లు (ఎదురుగాలికి రెక్క ఎంత కోణంలో ఉందో కొలిచేవి) వేర్వేరు విలువలు ఇస్తే తెర మీద హెచ్చరిక రావాలి. అది అన్ని విమానాల్లోనూ ఉండవలసిన సాధారణ సౌకర్యం. కానీ సాఫ్ట్‌వేర్‌లో అది, విడిగా డబ్బు చెల్లించి కొనే ఏఓఏ సూచికతో ముడిపడిపోయింది; సూచిక కొననివారికి హెచ్చరిక కూడా పనిచేయలేదు. ఈ సంగతి 2017లోనే తమ ఇంజినీర్లకు తెలిసిందనీ, తరువాతి డిస్ప్లే సాఫ్ట్‌వేర్ నవీకరణలో సరిదిద్దవచ్చని అనుకున్నామనీ 2019 మే నెలలో బోయింగ్ స్వయంగా ప్రకటించింది. డిస్ప్లే సాఫ్ట్‌వేర్ మార్పు ఎంత నెమ్మదిగా, ఎంత ఖర్చుతో జరుగుతుందో తెలిసినవారికి ఆ వాయిదా వెనుక ఆలోచన అర్థమవుతుంది, సమర్థించలేకపోయినా.

ఇప్పుడు మీకు నిజంగా పనికొచ్చే భాగానికి వస్తాను. విమానం ముప్పై ఏళ్లు ఎగురుతుంది. దానిలోని ఎల్‌సీడీ ప్యానెల్ మాత్రం మూడు నాలుగేళ్లకే ఉత్పత్తి నుంచి పోతుంది. ఎల్‌సీడీ కర్మాగారాలు ల్యాప్‌టాప్‌లనూ, కార్లనూ, టీవీలనూ చూసి నడుస్తాయి. ఏడాదికి కొన్ని వందలు కొనే ఏవియానిక్స్ సంస్థ మాట వాటికి వినిపించదు. అమెరికాలో సైనిక విమానాల కోసమే ప్రత్యేకంగా ఎల్‌సీడీలు చేసిన ఓఐఎస్ అనే సంస్థ 1998లో మూతపడింది. అప్పటినుంచి ఈ రంగమంతా ఎవరికోసమో తయారైన ప్యానెల్‌ను తెచ్చి, దానికి వెనుక వెలుగు మార్చి, ముందు గాజు అతికించి, చలికి హీటర్ పెట్టి వాడుకుంటోంది. గ్రాఫిక్స్ చిప్పుల కథా అదే. నేను పనిచేసిన ఒక సంస్థకు ఒకరోజు ప్యానెల్ తయారీదారు నుంచి లేఖ వచ్చింది, ఆరు నెలల్లో ఉత్పత్తి ఆపేస్తున్నాం, కావలసినవి ఇప్పుడే కొనుక్కోండి అని. పదేళ్లకు సరిపడా కొన్నాం. ఏడో ఏట గోదాం నుంచి తీసిన ప్యానెళ్లలో చాలావాటికి అంచుల్లో పోలరైజర్ (కాంతిని వడపోసే పొర) పసుపు పచ్చగా మారి ఉంది. మిగిలిన మూడేళ్ల ఆర్డర్లకు కొత్త ప్యానెల్ వెతికి, వర్ణాల నుంచి కంపనాల దాకా మళ్లీ అన్ని పరీక్షలూ చేయాల్సి వచ్చింది. ఆ పరీక్షల ఖర్చు మేము దాచిన ప్యానెళ్ల ఖరీదు కన్నా ఎక్కువైంది.

ఈ ఇబ్బందే చిన్నవారికి దారి. ఉత్పత్తి ఆగిపోయిన తెరకు అదే కొలతలో, అదే కనెక్టర్‌తో, అదే బొమ్మ చూపే కొత్త తెర చేసి ఇవ్వడాన్ని వ్యాపారంగా పెట్టుకున్న సంస్థలు ఉన్నాయి. పెన్సిల్వేనియాలోని ఇన్నొవేటివ్ సొల్యూషన్స్ అండ్ సపోర్ట్ సంస్థ 757, 767ల పాత సీఆర్‌టీల స్థానంలో చదునైన తెరలు పెట్టి పేరు తెచ్చుకుంది. అరిజోనాలోని యూనివర్సల్ ఏవియానిక్స్ కూడా ఇటువంటి మార్పిడి పనుల్లో పేరున్నదే. 2018లో ఇజ్రాయెల్‌కు చెందిన ఎల్బిట్ దాన్ని 12 కోట్ల డాలర్లకు కొనేసింది. ఇలాంటి మార్పిడికి సప్లిమెంటల్ టైప్ సర్టిఫికెట్ (ఎస్‌టీసీ), అంటే ఇప్పటికే ధ్రువీకరించిన విమానంలో మార్పు చేయడానికి అనుమతి పత్రం కావాలి. అది ఒక్కో విమాన నమూనాకు వేరుగా సంపాదించాలి, కానీ ఒకసారి చేతికొచ్చాక అదే మీ ఆస్తి. పోటీదారు మీ తెరను చూసి నకలు చేయవచ్చు గాని మీ ఎస్‌టీసీని నకలు చేయలేడు.

అమెరికా జీపీఎస్ సంస్థ గార్మిన్ సంగతి కూడా మీరు ప్రత్యేకంగా అడిగారు, బయటి నుంచి వచ్చి గెలిచింది కదా అని. అది నిజమే, కాకపోతే పూర్తిగా బయటివారు అనలేం. 1989లో దాన్ని స్థాపించిన గ్యారీ బరెల్, మిన్ కావో ఇద్దరూ ఏవియానిక్స్ పరిశ్రమలో పండినవారే. పెద్ద జెట్ల జోలికి పోకుండా ముందు జీపీఎస్ పరికరాలు చేశారు, 1998లో ప్యానెల్‌లో బిగించే జీఎన్‌ఎస్ 430 తెచ్చారు. చిన్న విమానాల కోసం జీ1000 అనే తెరల వ్యవస్థ ప్రకటించింది 2003లో. సంస్థ పుట్టాక సరిగ్గా పద్నాలుగేళ్లు. ఆపైన సెస్నా సిటేషన్ జెట్ల దాకా ఎక్కుతూ పోయారు. చిన్న విమానాల్లో ఆ మార్పు ఎంత వేగంగా జరిగిందంటే, 2006 నాటికే కొత్తగా తయారయ్యే చిన్న పిస్టన్ విమానాల్లో తొంభై శాతానికి పైగా గ్లాస్ కాక్‌పిట్‌తో, అంటే మీటర్ల బదులు తెరలతో, వచ్చేవి. అమెరికా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2010లో ఆ విమానాలను అధ్యయనం చేసి, మొత్తం ప్రమాదాల రేటు పాత మీటర్ల విమానాల కన్నా తక్కువగానే ఉన్నా, ప్రాణాంతక ప్రమాదాల రేటు ఎక్కువగా ఉందని తేల్చింది. ఒక్కో తయారీదారు తెర ఒక్కోలా పనిచేయడమూ, పైలట్లకు దాని మీద తగిన శిక్షణ లేకపోవడమూ ఆ చర్చలో పెద్ద అంశాలయ్యాయి. మీరు ఎప్పుడైనా తెర అమ్మితే, దాన్ని నేర్పే శిక్షణ సామగ్రి కూడా మీరే ఇవ్వవలసి వస్తుందని గుర్తుంచుకోండి.

మన దేశం విషయానికొస్తే, పౌర విమానాల కన్నా సైనిక విమానాల ద్వారమే మీకు దగ్గర. దేశీయ యుద్ధ విమానం తేజస్‌కు హెడ్‌అప్ డిస్ప్లేను చండీగఢ్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఓ రూపొందించింది. ఘజియాబాద్‌కు చెందిన శామ్‌టెల్, టీవీల పిక్చర్ ట్యూబులు చేసే కుటుంబం నుంచి వచ్చి, ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌తో కలిసి సుఖోయ్-30 తెరల దాకా వెళ్లింది. మీలాంటివారు చదవవలసిన చరిత్ర అది, ఎందుకంటే మీ ఉత్పత్తికి దగ్గరి చుట్టం నుంచి మొదలైన ప్రయాణం. తేజస్ మార్క్-1ఏకు 2021లో 83, 2025లో మరో 97 ఆర్డర్లు వచ్చాయి. ఒక్కో విమానానికి మూడు తెరల చొప్పున వేసుకున్నా 540 తెరలు, అవీ పదేళ్ల మీద పరుచుకున్నవి. ఈ లెక్క చూశాక మీ పెట్టుబడి అంచనా మీరే వేసుకోగలరు. సైనిక పరికరాలకు ధ్రువీకరణ ఇచ్చేది బెంగళూరులోని సెమిలాక్; పౌర విమానాలకైతే డీజీసీఏ. దిగుమతి చేసుకుంటున్న ఏ భాగాలకు దేశీయ ప్రత్యామ్నాయం కావాలో రక్షణ శాఖ సృజన్ పోర్టల్‌లో పెడుతుంది, ఐడెక్స్ పథకం కింద చిన్న సంస్థలకు అభివృద్ధి నిధులూ ఇస్తోంది. మీ ఊళ్లోనే బాలానగర్‌లో హెచ్‌ఏఎల్ ఏవియానిక్స్ విభాగం ఉంది.

హైదరాబాదుకు ఇంకో బలం ఉంది, దాన్ని మీరు తక్కువగా చూస్తున్నారనిపించింది. కాలిన్స్, హనీవెల్ సంస్థల ఇంజినీరింగ్ కేంద్రాలూ, సైయెంట్ వంటి సేవా సంస్థలూ ఇక్కడ ఉండటం వల్ల, డిస్ప్లే సాఫ్ట్‌వేర్‌ను లెవెల్ ఏ స్థాయిలో సరిచూసిన మనుషులు ఈ నగరంలో వేల సంఖ్యలో ఉన్నారు. స్కేడ్, వ్యాప్స్ వంటి పనిముట్లతో తెర బొమ్మలు చేసినవారూ, తెరకూ దానికి సమాచారమిచ్చే వ్యవస్థలకూ మధ్య భాష నిర్ణయించే ఏరింక్ 661 ప్రమాణం కంఠతా వచ్చినవారూ ఇక్కడ దొరుకుతారు. వారిలో చాలామంది జీవితాంతం ఎవరో రాసిన కోడ్‌కు పరీక్షలు రాస్తూ గడిపారు గాని తమ చేతుల మీదుగా ఒక పెట్టె తయారై విమానం ఎక్కడం చూడలేదు. అటువంటివారిలో పదిహేనేళ్ల అనుభవమున్న ఒకరిని, కొత్త హార్డ్‌వేర్ ఇంజినీర్లు ముగ్గురి జీతం ఇచ్చైనా సరే, మొదటి రోజునుంచే పెట్టుకోండి. ఉత్పత్తి పూర్తయ్యాక పత్రాలు రాయించుకోవచ్చనుకుని మునిగిన సంస్థలను నేను రెండింటిని దగ్గరగా చూశాను.

కాలం ఎంత అంటారు కనుక నా అంచనా చెబుతాను. ప్రయాణికుల విమానపు ప్రధాన తెర మీ జీవితకాలపు పని, దాన్ని మరచిపోండి. ఎగరని చోట మొదలుపెట్టండి: పైలట్ శిక్షణ సిమ్యులేటర్లు, డ్రోన్లను నేల మీద నుంచి నడిపే కన్సోళ్లు. వీటికి ఏడాదిలో సరుకు ఇవ్వగలరు, విమానపు తెర స్వరూపం మీకు అలవాటవుతుంది. ఆ తరువాత శిక్షణ విమానాల్లోనో హెలికాప్టర్లలోనో, తప్పు చూపినా విపత్తు కాని తెర ఒకటి, ఉదాహరణకు మ్యాపులు లేదా కెమెరా దృశ్యాలు చూపేది, అంటే తక్కువ స్థాయి ధ్రువీకరణ సరిపోయేది. దానికి మూడు నాలుగేళ్లు పట్టినా ఆశ్చర్యపోకండి.

ఇక మీ దగ్గరున్న పది అంగుళాల తెర. ఎండలో కనిపిస్తుందని రాశారు, మంచిదే. చీకటి కాక్‌పిట్‌లో పైలట్ కళ్లు చెదరకుండా అది ఎంత కిందికి తగ్గగలదో రాయలేదు. పారిశ్రామిక తెరలు సాధారణంగా దెబ్బతినేది అక్కడే, తగ్గించేకొద్దీ మినుకుమినుకుమంటాయి లేదా రంగు మారిపోతాయి. ముందు అది కొలిపించండి. రెండోది, విమానంలోని 28 వోల్టుల విద్యుత్ సరఫరా కొన్ని మిల్లీసెకన్లు తెగిపోయి మళ్లీ వచ్చినప్పుడు తెర తిరిగి బొమ్మ చూపడానికి ఎంతసేపు తీసుకుంటుందో చూడండి. లైనక్స్ మొదటినుంచి లేవడానికి ముప్పై సెకన్లు పడితే, ఆ డిజైన్‌ను అక్కడే ఆపాలి. మూడోది, ఈసీఐఎల్ పరీక్షా కేంద్రంలో ఒక రోజు తీసుకుని రేడియో తరంగాల ముందు పెట్టి చూడండి. ఈ మూడింటి ఫలితాలు పంపితే, హెచ్‌ఏఎల్ తలుపు తట్టడానికి ముందు ఏం మార్చాలో ఒక్కొక్కటిగా చెప్పగలను.